హైదరాబాద్ నంబరు 12ఏ

మల్కాజిగిరిలో మా మామయ్య ఇంట్లో, హాల్లో పుస్తకాల బీరువా మీద ఒక గాజు పెట్టె ఉంది. అందులో రెండంతస్తుల రెక్కలున్న పాతకాలపు యుద్ధవిమానం నమూనా. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు 44 సెంటీమీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 29. మామయ్య భూతద్దం చేతికిచ్చి, "ముక్కు పక్కన చూడు" అన్నారు. చూస్తే చీమల బారులా ఇంగ్లీషు అక్షరాలు. ఈ విమానాన్ని హైదరాబాద్ నిజాం బహూకరించారనీ, దీని పేరు హైదరాబాద్ నంబరు 12ఏ అనీ వాటి సారాంశం.

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు, గండిపేట చెరువు, ఇవన్నీ ఏడో నిజాం నాటివని చిన్నప్పుడే తెలుసు. ఆయన పేరు మోసుకుంటూ 1918లో ఒక బాంబర్ విమానం జర్మనీ మీద ఎగిరిందని మాత్రం ఆ రోజు దాకా తెలియదు. ఆ సంగతి నాకు చెప్పింది చరిత్ర పుస్తకం కాదు, రిటైరైన ఒక రైల్వే ఫిట్టరు చేతిపని. ఆ పనిని దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి దాని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మామయ్య లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నంతకాలం ఆయన చేతులు బోగీల కింద బరువైన ఇనుముతోనే పనిచేశాయి. మిల్లీమీటరులో పదో వంతు కొలతల్లోకి దిగింది రిటైరయ్యాకే. వాళ్ళమ్మాయి న్యూజిలాండులోని వెల్లింగ్టన్‌లో ఉద్యోగం చేస్తుంది. నాన్నకు పొద్దుపోవడానికని అక్కడి వింగ్‌నట్ వింగ్స్ కంపెనీవాళ్ళ విమానం నమూనా కిట్ ఒకటి పంపింది. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్‌ది ఆ కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధపు విమానాలంటే ఆయనకు ప్రాణం. 2009 నుంచి 1:32 కొలతలో ఆ కాలపు విమానాల కిట్లు అమ్మి, 2020లో కంపెనీ మూతపడింది. వాళ్ళ కిట్ విప్పితే లోపలుండే సూచనల పుస్తకం మామూలు కాగితం కాదు. ప్రతి దశలోనూ అసలు విమానం ఫొటోలు, అప్పటి పటాలు ఉంటాయి. ఏ ముక్క ఎక్కడ అతికించాలో చెప్పడంతో ఆగకుండా, ఆ ముక్క నిజంలో ఏం పని చేసేదో కూడా అర్థమయ్యేలా తయారుచేశారు. బొమ్మల కిట్ల కంపెనీలు చాలా ఉన్నాయి. కొనేవాణ్ణి ఇంతగా గౌరవించిన ఇంకో కంపెనీని నేను చూడలేదు.

అసలు విమానం సంగతి కొంచెం చెప్పాలి. దీని పేరు డీహెచ్ 9ఏ. దీనికి ముందున్న డీహెచ్ 9కు శరీరం ఉంది కానీ గుండె లేదు. 230 హార్స్‌పవర్ ప్యూమా ఇంజను ఆ బరువుకు చాలలేదు. అందుకని రెక్కలు పెంచి, లోపలి చట్రాన్ని గట్టిపరిచి, 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజను బిగించారు. ఈ మార్పుల బాధ్యత ఇంగ్లండులో యోవిల్ అనే ఊళ్ళో ఉన్న వెస్ట్‌లాండ్ కంపెనీ తీసుకుంది. లిబర్టీ అమెరికావాళ్ళ ఇంజను. 1917లో వాషింగ్టన్‌లో ఒక హోటలు గదిలో కూర్చుని జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు వారం తిరక్కుండా గీసిన ఇంజను అది. అప్పటి సిగ్నలర్ల భాషలో ఇంగ్లీషు మొదటి అక్షరాన్ని 'ఆక్' అని పలికేవాళ్ళు. అలా 'నైన్ ఆక్' కాస్తా సిపాయిల నోళ్ళలో 'నైనాక్' అయింది.

ఈ నైనాక్‌లతో ఫ్రాన్సుకు వెళ్ళిన మొదటి దళం 110వ స్క్వాడ్రన్. దాని విమానాలకు డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దాని పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. ఆ సొమ్ము ఖజానాదైనా, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్‌దైనా, మూలం మన రైతులు కట్టిన శిస్తే అన్నది మరిచిపోకూడదు. 1918 సెప్టెంబరు 1న ఆ దళం ఫ్రాన్సులో బెతోంకూర్ అనే పల్లె పక్కన మైదానంలో దిగింది. పని, పట్టపగలు జర్మనీ లోపలికి చొచ్చుకుపోయి బాంబులు వేసి రావడం. కాపు కాయడానికి వెంట వేరే విమానాలు వచ్చేవి కావు. నవంబరు 11న యుద్ధం ఆగేలోపు శత్రువు చేతిలో 17 విమానాలు, ప్రమాదాల్లో మరో 28 పోయాయి. పది వారాల లెక్క అది.

మామయ్య ఎంచుకున్నది వాటిలో ఎఫ్ 1010 అనే నంబరున్న విమానం. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్ళి జర్మనీ నేల మీద దిగాల్సి వచ్చింది. నడిపేవాడు, వెనక కూర్చునే పరిశీలకుడు ఇద్దరూ ప్రాణాలతో బందీలయ్యారు. జర్మన్లు విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్‌వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఇచ్చి దాన్ని మార్పిడి చేసుకున్నారు. ఇప్పుడు లండన్ హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండు చెక్క, అమెరికా ఇంజను, హైదరాబాద్ రూపాయి. దిగింది జర్మనీలో, దాగింది పోలండులో.

ఇక పనిలోకి వస్తాను.

ముందు నా కంటిని ఆపేసింది ప్రొపెల్లర్. ఆ రోజుల్లో దాన్ని చెక్కతో చేసేవాళ్ళు. ఒకే దుంగ నుంచి చెక్కితే బీటలు వారుతుంది కాబట్టి, పలకల్ని ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికి, ఎండాక మెలి తిరిగిన ఆకారంలోకి చెక్కేవాళ్ళు. అందువల్ల రెక్కల అంచున పలకల గీతలు పటంలో కొండ ఎత్తుల్ని చూపే గీతల్లా వంపులు తిరుగుతాయి. కిట్‌లో ఉన్నది బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క. మామయ్య దానికి ముందు పల్చని గోధుమరంగు వేశారు. ఎండాక సన్నని టేపు ముక్కలతో ఒక పలక విడిచి ఒక పలక మూసి, కొంచెం ముదురు రంగు వేశారు. టేపులు తీసి, ముదురు గోధుమ ఆయిల్ కలర్‌ని వెంట్రుకలు బిరుసెక్కిన పాత బ్రష్షుతో నిలువునా లాగారు. బ్రష్షు వెంట్రుకలు వదిలిన గీతలే చెక్క ఈనెలయ్యాయి. పైన నారింజ ఛాయ వార్నిష్ పూసేసరికి దూలానికి పాలిష్ పెట్టినట్టు కళ వచ్చింది. ఇందులో మెచ్చుకోవలసింది చెక్కలా కనిపించడం ఒక్కటే కాదు. పలక గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరగాలో, చెక్కుడు లెక్క తెలిసినవాడికే సరిగ్గా కుదురుతుంది. నిటారుగా గీతలు గీసేసి చెక్క అనిపించే నమూనాలు నేను చాలా చూశాను. మామయ్య ప్రొపెల్లర్‌లో గీత మొదట్లో దగ్గరగా, మధ్యలో ఎడంగా పోతుంది. నిజమైన కర్రని రందా పట్టినప్పుడు ఎలా తేలుతుందో అలాగే.

ఆ తర్వాత తీగలు. ఈ విమానం అందమంతా, కష్టమంతా వాటిలోనే ఉంది.

రెండంతస్తుల రెక్కల మధ్య నిలువు గుంజలు, గుంజల మధ్య ఐమూలగా తీగలు. అవి అలంకారం కాదు. ఎగిరేటప్పుడు గాలి రెక్కను పైకి లేపుతుంది, ఆ లాగుడును ఒక వరస తీగలు పడతాయి. నేల మీద నిలిచినప్పుడు రెక్క తన బరువుకు తానే వాలిపోకుండా ఇంకో వరస పట్టుకుంటుంది. మొదటి వరస తీగ తెగితే రెక్క విరుగుతుంది కాబట్టి దాన్ని జంటగా వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. 1916 ప్రాంతం నుంచి బ్రిటిష్ విమానాల్లో ఈ తీగలు గుండ్రంగా ఉండేవి కావు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ రూపొందించిన బల్లపరుపు ఉక్కు తీగలు వచ్చాయి. ఆ తీగని అడ్డంగా కోసి చూస్తే, మసూరు పప్పు గింజను పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. సన్నని అంచు గాలికి ఎదురుగా ఉంటే గాలి చీలిపోతుంది, లాగుడు తగ్గుతుంది.

ఇప్పుడు ఆ తీగని ముప్పై రెండో వంతుకు తగ్గించాలి. ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పు నమూనాలో 0.2 మిల్లీమీటరు అవుతుంది. చాలామంది చేపల గాలానికి కట్టే నైలాన్ దారం వాడతారు. అది గుండ్రంగా ఉంటుంది. మామయ్య పల్చగా, పట్టీలా ఉండి, సాగే గుణమున్న దారం తెప్పించారు. దాన్ని రెండు కొసలా సూపర్ గ్లూ చుక్కతో బిగించాలి. సూది మొన మీద నిలిచేంత చుక్క. ఎక్కువైతే తెల్లగా పొగచూరినట్టవుతుంది, తక్కువైతే సాగిన దారం పుటుక్కున ఊడొస్తుంది. అన్నిటికన్నా కష్టం, దారం మధ్యలో మెలిక పడకూడదు. పల్చని అంచు గాలికి ఎదురుగానే ఉండాలి. ప్రతి దారం బిగించాక మామయ్య విమానాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, ముందు నుంచి చూసేవారు. ముందు నుంచి దారం కనబడీ కనబడనట్టుండాలి. పక్క నుంచి చూస్తే పట్టీలా కనబడాలి. ముందు నుంచి లావుగా కనబడితే మెలిక పడినట్టే. కత్తిరించి మళ్ళీ మొదలు.

నేను కూడా గాజు పెట్టె ముందు వంగి అలా చూశాను. ముందు నుంచి రెక్కల మధ్య దాదాపు ఖాళీ. నాలుగడుగులు పక్కకు జరిగేసరికి తీగలన్నీ ఒక్కసారి తేలాయి. సాలెగూడు మీద ఎండ పడ్డట్టు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మొదట్లో మామయ్య ఈ తీగల కొసల్లో టర్న్‌బకిళ్ళు పెట్టారు. తీగని బిగించడానికి, వదులు చేయడానికి మధ్యలో తిప్పే ఇత్తడి బుడిపెలు అవి. నమూనాల కోసం వాటిని విడిగా అమ్ముతారు. నలభైకి పైగా పెట్టి, రంగు కూడా వేశాక, ఒక రాత్రి సూచనల పుస్తకంలోని పాత ఫొటోని భూతద్దంలో చూస్తుంటే అనుమానం వచ్చిందట. బల్లపరుపు తీగల కొసలకు మరలు చుట్టి ఉంటాయి. అవి నేరుగా చీలిక బిగింపులోకి దిగి, నట్టుతో ఆగుతాయి. వాటికి టర్న్‌బకిల్ అవసరమే లేదు. టర్న్‌బకిల్ ఉండేది చుక్కానిని, రెక్కల వెనక కదిలే పలకల్ని లాగే గుండ్రని కేబుళ్ళకు.

"మరి ఎవరికి తెలుస్తుంది మామయ్యా?" అన్నాను.

"నేను ఫిట్టర్నిరా. తీగ కొస ఎలా బిగుస్తుందో నాకు తెలిశాక, తప్పని తెలిసి ఎట్లా ఉంచుతాను?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కూర్చుని అన్నీ పీకేశారట. పీకిన చోటల్లా రంగు లేచింది, గరుకు కాగితంతో నున్నగా చేసి మళ్ళీ వేశారు. ఇప్పుడు రెక్కల తీగల కొసలు సన్నగా, సూటిగా లోపలికి దిగి ఉన్నాయి. తోక వైపు పోయే గుండ్రని కేబుళ్ళకు మాత్రం చిన్న బుడిపెలున్నాయి. ఆ కేబుళ్ళకు గుండ్రని దారమే వాడారు. చూసేవాడికి ఇవన్నీ దారాలే. తెలిసినవాడికి అవి రెండు జాతులు.

పై రెక్క కూర్చోబెట్టడం ఇంకో పరీక్ష. గుంజలన్నీ ఒకేసారి తమ తమ రంధ్రాల్లో దిగాలి. ఒకటి వంకర అయితే ఒక చివర రెక్క వాలుతుంది, వాలితే తీగలన్నీ అబద్ధమైపోతాయి. మామయ్య జిగురు ముట్టకముందే టేకు బద్దలతో ఒక పట్టు తయారుచేశారు. కింది రెక్కను, తోకను అందులో కదలకుండా బిగించి, పై రెక్క ఎత్తుని మూలమట్టంతో సరిచూసుకుని, అప్పుడు గుంజలకు జిగురు తాకించారు. రాత్రంతా అలాగే వదిలేశారు. వర్క్‌షాపులో నేర్చుకున్నది ఇదేనంటారాయన. పని ముక్క కంటే ముందు పనిని పట్టుకునేది తయారుకావాలి. ఆ టేకు పట్టుని కూడా పారేయలేదు. సన్నగా రందా పట్టి, మూలలు గుండ్రం చేసి, లోపలి అంచున పెన్సిల్‌తో కొలతలు రాసుకున్న ఆ వస్తువుని విడిగా ఒక అర మీద పెట్టినా పెట్టొచ్చు.

రంగు విషయంలో ఆయన చేసిన పని నాకు మరీ నచ్చింది. ఈ విమానాల పై భాగానికి వేసిన రంగు పేరు పీసీ 10. ఏ రంగు అది? ఆకుపచ్చా, గోధుమా? నూరేళ్ళు దాటినా వాదన తెగలేదు. తెగకపోవడానికి కారణం ఆ రంగు తయారీలోనే ఉంది. మనం రామరజం అనే పసుపు మట్టిరంగులాంటి దానిలో కొద్దిగా దీపపు మసి కలిపితే వచ్చేది అది. కలిపిన ద్రవాన్ని బట్టి, ఎండలో గడిపిన రోజుల్ని బట్టి ముదురు ఆలివ్ నుంచి చాక్లెట్ గోధుమ దాకా కనిపించేది. అది ప్రధానంగా దాగడానికి వేసిన రంగు కాదు. విమానం రెక్కలకు చుట్టింది నార బట్ట. దాని మీద డోప్ అనే ద్రవం పూస్తే ముడుచుకుని మృదంగం తోలులా బిగుస్తుంది. కానీ ఎండ తగిలితే ఆ నార చివికిపోతుంది. ఎండను ఆపడానికి పైన పీసీ 10. అందుకే ఎండ తగలని రెక్కల అడుగున రంగు వేయలేదు. అడుగు భాగం మీగడ రంగులో, డోప్ పూసిన నార రంగులోనే ఉంటుంది.

సీసాలో తయారుగా దొరికే పీసీ 10 కొనకుండా, మామయ్య పసుపు మట్టిరంగు, నలుపు తెచ్చి తానే కలిపారు. పసుపులో నలుపు చుక్క పడగానే ఆకుపచ్చ అవుతుంది. ఆ వింత నాకు కూడా చేసి చూపించారు. పాత పింగాణీ సాసర్‌లో పుల్లతో తిప్పుతుంటే, ఆకుపచ్చ రంగు చుక్క కూడా వేయకుండానే ఆలివ్ ఛాయ తేలింది. ఇంకో చుక్క వేస్తే గోధుమకు తిరిగింది. వాదన ఎందుకు తెగదో ఆ సాసర్ చూశాక నాకు అర్థమైంది. విమానం కొత్తది కాబట్టి ఆయన ఆలివ్ దగ్గరే ఆగారు. అడుగు భాగంలో మీగడ రంగు కింద, రెక్క లోపలి చెక్క పక్కటెముకలు ఉండే చోట ముందే పల్చని ముదురు గీతలు వేశారు. వెలుతురులో నారబట్ట వెనక ఎముకలు నీడగా కనబడతాయి కదా, అదే ఇక్కడ కనిపిస్తోంది.

కొత్తదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నమూనాలు చేసేవాళ్ళకు ఇప్పుడు మురికి మోజు ఎక్కువ. రంగు పెచ్చులు లేచినట్టు, నూనె కారినట్టు, మసి పట్టినట్టు చేస్తారు. అదీ నేర్పే, కాదనను. కానీ ఎఫ్ 1010 ఫ్రాన్సులో యుద్ధంలో ఉన్నది ఎంతకాలం? సెప్టెంబరు మొదలు నుంచి అక్టోబరు 5 దాకా చూసినా అయిదు వారాలే. అయిదు వారాల్లో రంగు వెలిసిపోదు. ఇంకో మాట. ఆ కాలంలో గుండ్రంగా తిరిగే రోటరీ ఇంజన్లుండేవి, అవి ఆముదం చిమ్మి విమానం అడుగంతా జిడ్డు చేసేవి. చాలామంది అలవాటుగా ప్రతి పాత విమానానికీ ఆ జిడ్డు మరకలు వేసేస్తారు. లిబర్టీ నీళ్ళతో చల్లబడే, రెండు వరసలుగా నిలిచే పన్నెండు సిలిండర్ల ఇంజను. ఆముదం చిమ్మదు. మామయ్య పొగ గొట్టాల వెనక పల్చగా మసి, చక్రాల మీద, తోక కింది కర్ర మీద కాస్త ఎండిన బురద, పరిశీలకుడు కాలు పెట్టి ఎక్కే చోట అరిగిన గుర్తు వేసి ఆపేశారు. ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ చేయి నాకు ప్రొపెల్లర్ కంటే ఎక్కువ నచ్చింది.

చుక్కాని మీది మూడు రంగుల పట్టీలు చూడండి. ముందు నీలం, తర్వాత తెలుపు, కొసన ఎరుపు. 1930లో బ్రిటన్ ఆ వరసను తిరగేసి ఎరుపుని ముందుకు తెచ్చింది. తర్వాతి విమానాల బొమ్మలు చూసి అలవాటైనవాళ్ళు ఇక్కడ తప్పు చేస్తారు. ఇక్కడ తప్పు లేదు.

అక్షరాల దగ్గరకి మళ్ళీ వస్తాను. రెక్కల మీద నీలం, తెలుపు, ఎరుపు గుండ్రాల్ని మామయ్య వృత్తలేఖినికి బ్లేడు కట్టి కోసిన టేపుతో మూసి, రంగుతోనే వేశారు. అక్షరాల్ని చేత్తో రాయడం మనిషికి సాధ్యం కాదు. కిట్‌తో వచ్చిన డెకాల్ వాడక తప్పదు. ఇటలీలోని కార్టోగ్రాఫ్ అనే సంస్థ అచ్చువేసినవి, వాటి స్ఫుటత్వం చెప్పతరం కాదు. అయినా డెకాల్ అంటే నీళ్ళలో నానబెట్టి జార్చే పల్చని పొర. కింది రంగు గరుకుగా ఉంటే పొర కింద గాలి చిక్కి, అక్షరాల చుట్టూ వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు కనబడితే అది రాసిన అక్షరం కాదు, అంటించిన స్టిక్కరు అయిపోతుంది. మామయ్య మొదటి ప్రయత్నంలో అదే జరిగింది. తడి గుడ్డతో తుడిచేశారు. అదృష్టం బాగుండి కూతురు రెండో డెకాల్ షీటు సంపాదించి పంపింది. ఈసారి ఆ చోట నిగనిగలాడే వార్నిష్ రెండు పూతలు వేసి, అద్దంలా అయ్యాక అక్షరాల్ని జార్చి, పొరని మెత్తబరిచే ద్రవం పూసి, దూదితో మెల్లగా అద్దారు. పైన పట్టుబట్టంత మెరుపుండే పూత. డోప్ చేసిన బట్టకుండే మెరుపు అంతే. ఇప్పుడు పొర అంచు వేలికి తగలదు, కంటికి ఆనదు. అక్షరాలు విమానం ఒంటి మీదే పుట్టినట్టున్నాయి.

లోపల ఏముందో సగం కనబడదు. పైలట్ ముందున్న గడియారాల ముళ్ళు, కర్ర చట్రాన్ని ఐమూలగా బిగించిన తీగలు, సీటు మీది తోలు దిండు, ఎడమ పక్క విక్కర్స్ తుపాకి. వెనక పరిశీలకుడి చుట్టూ గుండ్రంగా తిరిగే స్కార్ఫ్ రింగ్, దాని మీద లూయిస్ తుపాకి. తుపాకి బరువు చేతికి తెలియకుండా ఆ రింగుకి రబ్బరు తాళ్ళుండేవి. ఆ తాళ్ళని కూడా వేశారు, వాటి అల్లిక గుర్తులతో సహా. ఈ కొలతలో మనిషి అయిదున్నర సెంటీమీటర్లుంటాడు. అతని చేయి తుపాకి పిడికి అందేంత ఎత్తులోనే పిడి ఉంది. పైలట్‌కీ పరిశీలకుడికీ మధ్య దూరం చూశారా? ఈ వరసలో ఇంకా ముందొచ్చిన డీహెచ్ 4లో ఆ ఇద్దరి మధ్య పెట్రోలు ట్యాంకు ఉండేది, ఒకరి అరుపు ఒకరికి వినబడేది కాదు. దీనిలో ఒకరి వీపుకొకరు అందేంత దగ్గర. ఆ దగ్గరతనం నమూనాలో కంటికి కనబడుతుంది. ఏ పుస్తకంలో చదివినా అంత వెంటనే అర్థం కాదు.

ఒక్కటి నాకు నచ్చలేదు. విమానం నిలిపిన నేల. కింద అంటించిన పచ్చిక మరీ పచ్చగా, కొత్త పెళ్ళి పందిట్లో పరిచిన తివాచీలా ఉంది. అక్టోబరు నెలలో, రోజూ చక్రాలు దొర్లే మైదానం అలా ఉండదు. చెప్పాను. మామయ్య కాసేపు చూసి, "నిజమే, మారుస్తా" అన్నారు. విమానంలో ఇంత జాగ్రత్తపడ్డ మనిషి నేల దగ్గర తొందరపడ్డారు. అది తప్పిస్తే వేలెత్తి చూపే చోటు నాకు కనబడలేదు.

ఈ విమానంతో మనకున్న బంధం ఆ ఒక్క పేరుతో తీరలేదు. 1920ల్లో 27, 60 స్క్వాడ్రన్లు వాయవ్య సరిహద్దులో నైనాక్‌లే నడిపాయి. వాటి తర్వాత వెస్ట్‌లాండ్ తయారుచేసిన వాపిటి విమానానికి నైనాక్ రెక్కలు, తోక భాగాలే వాడుకున్నారు. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ పుట్టినప్పుడు దాని చేతిలో ఉన్నవి నాలుగు వాపిటీలు. వాటి జాతిది ఒకటి ఇప్పటికీ ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. ఇక హైదరాబాద్ పేరు రెండో ప్రపంచయుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు మళ్ళీ వచ్చింది. 152వ దళపు చిహ్నంలో నిజాం తలపాగా, అంటే దస్తారే ఉంటుంది. బర్మాలో ఆ దళపు స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. మామయ్య తర్వాత చేయబోయేది ఆ చిరుతనే. బర్మా రంగంలో జపాన్ సూర్యుడి గుర్తుతో పొరబడకుండా బ్రిటిష్ విమానాల గుండ్రాల్లోంచి ఎరుపు తీసేశారు. కాబట్టి ఈసారి ఎర్ర రంగు సీసా తెరిచే పని లేదని ఆయన అప్పుడే చెప్పేశారు.

లండన్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. చదువుకోవడానికి, ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులు. మేడమ్ టుస్సాడ్స్, టవర్ బ్రిడ్జి ఎలాగూ చూస్తారు. ఒక పూట హెండన్ కూడా వెళ్ళండి. నార్తర్న్ లైనులో కొలిండేల్ స్టేషన్‌లో దిగితే మ్యూజియానికి నడిచి వెళ్ళొచ్చు, టికెట్ లేదు. ఎఫ్ 1010 ఎక్కడుందో అడిగి, దాని ముక్కు దగ్గరకు వెళ్ళి నిలబడండి. అక్కడ భూతద్దం అక్కర్లేదు. మన ఊరి పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది.